మొలకల బుట్ట

మా మేనకోడలు మనీషా తెనాలిలో పుట్టింది, బాపట్లలో చదివింది, చివరికి రేపల్లె పక్కన మా ఊళ్లో వడ్లు ఆరబెట్టే యంత్రం పెడతానని వచ్చింది. ఎండతో నడుస్తుందట, మబ్బు పట్టినా బ్యాటరీ లాగించేస్తుందట. పరిశోధన కోసం ప్రభుత్వం డబ్బిచ్చింది. మొదటి విడతలో పెద్ద ఇనప పెట్టె, సోలార్ పలకలు వచ్చాయి. బ్యాటరీ, ఫ్యాను రెండో విడతలో రావాలి.

మావాళ్లు ఆగుతారా? చర్చి ఆవరణలో పెట్టె దిగిన ఆదివారమే ప్రార్థన చేయించి, రిబ్బను కత్తిరించి, పిల్లలకు బిస్కెట్లు పంచేశాం. నడవని యంత్రానికి ప్రారంభోత్సవం చేసిన ఘనత మాదే.

ఆ నమ్మకంతోనే, కోతమిషను చేలో దిగిన రోజు పచ్చి వడ్లు అడగడానికొచ్చిన వ్యాపారిని వెనక్కి పంపేశాను.

"తక్కువకి నీకెందుకిస్తానయ్యా? మా పిల్ల మిషనుంది" అన్నాను.

కౌలు చేను. ఏడాది తిండి, కౌలు, అన్నీ ఆ రాశిలోనే ఉన్నాయి.

రెండో విడత రాలేదు. మనీషా ఫోన్ చేసింది.

"అత్తా, ప్రాజెక్టు ఆపేశారు. ఇంక డబ్బులు రావంట."

అప్పటికే వాయుగుండం. తారురోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పితే గాలి లాగేసింది. వాన వెలిశాక చూస్తే రాశంతా తెల్లటి మొలకలు. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఎవర్ని తిట్టను? మనుషుల్ని తిట్టీ తిట్టీ నోరు నొప్పెట్టింది, ఇక మిగిలింది దేవుడే. చర్చిలో కోతపండుగకు ఏటా కొత్త బియ్యం కానుకగా తీసుకెళ్తాను. ఈసారి బుట్టనిండా ఆ మొలకెత్తిన వడ్లే తీసుకెళ్లి ప్రభువు బల్ల ముందు పెట్టాను. ఆయన కూడా చూడనీ అనుకున్నాను.

ఆరాధన అయ్యాక కానుకల వేలం మొదలైంది. గుమ్మడికాయలకు, కోళ్లకు పోటీపడి పాడారు. నా బుట్ట ఎత్తేసరికి అందరూ తలలు దించుకున్నారు.

"ఎవరన్నా పాడండమ్మా" అన్నారు సంఘపెద్ద ఆశీర్వాదం గారు, మొహమాటంగా.

వెనక వరసలో మనీషా లేచింది. అది వచ్చిందని నాకు తెలియనే తెలియదు. రైలు దిగి సరాసరి వచ్చినట్టుంది, భుజాన సంచి ఇంకా అలాగే ఉంది.

"నేను తీసుకుంటానండి."

"ఎంతకమ్మా?"

సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కుంది, చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. దానికీ నెలల తరబడి జీతం లేదు. దేవుడి మీదికి విసిరిన రాయి నా పిల్లకు తగిలింది.

"దానికే ఇచ్చెయ్యండన్నా" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

అది బుట్ట పొట్టకు అదుముకుని బయటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. ఇనప పెట్టె తలుపు తీసి, లోపలి అరలో ఆ మొలకల్ని చేత్తో సమంగా పరిచింది. తలుపు మూసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"రేపు ప్రాజెక్టువాళ్లొచ్చి ఈ పెట్టె పట్టుకెళ్లిపోతారు అత్తా" అంది.

ఆ పెట్టెలోకి దిగిన మొదటి వడ్లూ, ఆఖరి వడ్లూ అవే.