పెద్దమ్మ గదిలో టీ

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆడవాళ్ల బతుకుల మీద పరిశోధనకు వచ్చేనాటికి ఆ అమ్మాయికి తల్లి పోయి ఏడు నెలలు. మొదటిరోజే లైను సూపర్‌వైజరు తల నిమిరి, "తిన్నావా తల్లీ?" అంది. అంతే, ఆ అమ్మాయి కరిగిపోయింది. అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడని తనూ అలాగే పిలిచింది.

రోజూ మధ్యాహ్నం పెద్దమ్మ అద్దాల గదిలో ఇద్దరూ టీ తాగేవారు. అప్పటిదాకా విన్నవన్నీ ఆ అమ్మాయి అమ్మకి చెప్పుకున్నట్టు చెప్పేసేది. మూడో మిషన్ ఆవిడ కడుపుతో ఉందట, దాచుకుంటోందట. ఏడో మిషన్ పిల్ల అందరినీ కూడగట్టి మేనేజరుని నిలదీద్దామంటోందట. పెద్దమ్మ ఊ కొడుతూ వినేది. "సూపర్‌వైజరు వీళ్లకు తల్లి వంటిది" అని నోటుబుక్కులో రాసుకుంది ఆ అమ్మాయి.

మూడో మిషన్ ఖాళీ అయింది. వారం తిరక్కుండా ఏడోది.

"సొంతూరు వెళ్లిపోయారులే," అంది పెద్దమ్మ.

ఆ అమ్మాయి నమ్మింది. కానీ తను దగ్గరికి వెళ్తే చాలు, మిషన్ల మధ్య మాటలు ఆగిపోసాగాయి.

చివరికి గుండీలు కుట్టే ఆవిడ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండా అంది: "వాళ్లు ఏ ఊరికీ పోలేదు. పీకేశారు. మీకు చెప్పింది చెప్పినట్టు ఆ గదిలోకి చేరుతోంది."

"పెద్దమ్మ అలాంటిది కాదు."

"మీకు ఆవిడంటే ప్రాణం. అది మా అందరికీ కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు మీరు రాసుకుంటున్నదంతా మేం భయపడి చెప్పేదే."

ఆ మధ్యాహ్నం కూడా ఆ అమ్మాయి టీకి వెళ్లింది. పెద్దమ్మ కప్పు అందించి, "మొహం వాడిపోయిందేం? ఎవరేమన్నారు తల్లీ?" అంది.

అంతా తెలిసి కూడా, చెప్పేసి ఆ ఒళ్లో తలపెట్టి ఏడవాలనిపించింది. తలనొప్పని చెప్పి టీ తాగింది.

పెద్దమ్మ అద్దంలోంచి బయటికి చూసింది. "గుండీల ఆవిడతో చాలాసేపు మాట్లాడినట్టున్నావే," అంది, అదే మెత్తటి గొంతుతో.

మర్నాడు గుండీల బల్ల ముందు కొత్త మనిషి కూర్చుని ఉంది.

ఆ అమ్మాయి ముగ్గురి ఇళ్లూ వెతుక్కుంటూ వెళ్లింది. రెండిళ్ల తలుపులు తెరుచుకోలేదు. మూడో తలుపు గుండీల ఆవిడ తీసింది. గడపకి అడ్డంగా నిలబడి, "ముందు మీ సంగతి రాయండి. మా సంగతి తర్వాత," అంది.

అద్దాల గదిలో తను చెప్పినవన్నీ మెట్టు మీద కూర్చుని రాసింది. చదివి వినిపించమంటే వినిపించింది. సగంలోనే ఆవిడ మొహం తిప్పేసుకుంది. తలుపు మాత్రం వేయలేదు.