ముందు తన కంట్లో

కుడిచేత్తో కల్వంలో సుర్మా రాయి నూరుతూ, ఎడమచేత్తో మనవరాలి ఊయల తాడు లాగుతున్నాడు అబ్దుల్ రహీం. నొప్పెడితే చేతులు మార్చుకుంటాడు. ఒక్క మనిషి కూర్చున్న చోటనే రెండు పనులు తెములుతాయి. అతని లెక్కలో నష్టమన్నది లేని బేరం అది.

ఇవాళ మాత్రం ఏ చేయీ కుదురుగా లేదు. ఊరికే లేచి గుమ్మం దాకా వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం.

కోడలు తాహెరా వచ్చి హీబాను ఎత్తుకుంది. చంటిపిల్ల కళ్లు ఎర్రబడి, రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ కళ్లకు సుర్మా దిద్దింది తాతే. పిల్ల రక్తంలో సీసం ఉందనీ, ఈ రాయిలో ఉన్నదీ అదేననీ నిన్న దవాఖానలో చెప్పారు. రహీం కుడి కన్ను మసకబారింది కూడా దీనివల్లే కావచ్చన్నది డాక్టరమ్మ.

"ఏమంటరు అబ్బాజాన్? రాయి బయటికి పోతదా, మేమే పోవాల్నా?"

"ఈ జుమ్మా ఒక్కటి పోనియ్యమ్మా. నూరింది అమ్ముకొని బంద్ పెడ్త."

"మన పిల్లకు వద్దన్నది మంది పిల్లలకు అమ్ముతరా?"

రహీం కల్వంలోని పొడిని డబ్బీల్లోకి ఎత్తాడు. సరుకు మూట కట్టుకుని బయలుదేరాడు.

మసీదు గేటు పక్క జాగ అతనికి తండ్రి నుంచి వచ్చింది. జాగతో పాటు ఒక పద్ధతీ వచ్చింది. గిరాకీ ఎదుట సుర్మా అద్దిన మొదటి పుల్ల తన కంట్లో పెట్టుకోవాలి, ఆ తరువాతే డబ్బీ చేతికివ్వాలి. పక్కవాళ్లు అత్తరని, టోపీలని సరుకు మారుస్తూ పోయారు. రహీం పెట్టుబడి మారలేదు. కుడి కన్నే జమానతు, సరుకుకు పూచీ. దాని మీదే ఇల్లు లేచింది, కొడుకు షాదాబ్ పెళ్లి జరిగింది.

శుక్రవారం నమాజు ముగిసేసరికి చంద్లాపూర్ కొమురవ్వ వచ్చింది. తన బిడ్డలందరికీ ఇతని సుర్మానే పెట్టిన మనిషి.

"రహీమన్నా, మనుమడు పుట్టిండు. మంచిది తియ్యి. పాతది అంటగట్టకు."

"నీకు పాతదిచ్చి బతుకుతనా? ఊరంత డప్పు కొట్టవూ."

"కొడ్త మరి. ముందుగాల నీ కంట్ల పెట్టు."

పుల్ల అలవాటు కొద్దీ కుడి కంట్లోకి వెళ్లింది. మండింది, నీళ్లు కారాయి. ఆమె అటుపక్క నుంచే నోటు చాపింది. అతని చెయ్యి ఖాళీ గాలిని తడిమింది.

"ఏందన్నా, నోటు గీడుంటే గాడేం దేవులాడుతున్నవు?"

రహీం పుల్ల కింద పెట్టాడు. కుదువపెట్టిన కన్ను ఎప్పుడో చేజారింది. లేనిదాన్నే జమానతుగా చూపిస్తున్నాడు. ఇంకొకడు చేస్తే దానికి అతను పెట్టే పేరు మోసమే.

"వద్దక్కా. ఈ కంటికి కనపడ్తలేదు. గీ సుర్మానే తిన్నది. పిలగానికి పెట్టకు."

"పరాచికమా?"

"కాదు. మా మనుమరాలి కండ్లు గూడ..." డబ్బీని మూటలోకి తోసేశాడు. "ఇంట్ల పాతదుంటే అది గూడ పెట్టకు."

కొమురవ్వ నోటు చెంగున ముడేసుకుని అతని కంటి వైపే చూస్తూ నిలబడింది. పక్క అత్తరు బేరగాళ్లు ఇటు తిరిగి చూశారు. రేపటి నుంచి ఈ జాగలో తనకు బేరం లేదని రహీంకు తెలుసు. మూట బిగించి కట్టి, ఇంటికి వడివడిగా నడిచాడు. తాహెరాకు చెప్పాలి. జుమ్మా కూడా ముగియలేదు, బంద్ అయిందని చెప్పాలి.

తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. పక్కింటి ఫరీహా గోడ మీది నుంచి తొంగిచూసింది.

"ప్రజ్ఞాపూర్ బస్సెక్కింది చాచా. తల్లిగారింట్ల ఉంటదట. పిల్లను మళ్లీ గీ ఇంటికి తేనన్నది."

రహీం లోపలికెళ్లి కల్వాన్ని మూటతో కలిపి గోనెసంచిలో కట్టి వాకిట్లో పెట్టాడు. వచ్చి ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఊయల తేలిగ్గా వచ్చి, తేలిగ్గా వెళ్లింది. తెల్లటి నూలు తాడు, అతను పట్టుకునే బెత్తెడు మేర మాత్రం సుర్మా పట్టి నల్లగా మెరుస్తోంది.