మీనా అడిగిన అరవై మూడు ప్రశ్నలు

పదకొండేళ్ల కిందట ఇండియా నుంచి వచ్చి పార్సిప్పనీలో కిరాణా కొట్టు తెరిచిన రోజు నా దగ్గరున్నవి ఇవి: ఒక అద్దె గది, గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్లు బేరం చేసిన అనుభవం, తప్పులొచ్చినా ఆగని నోరు. ఇంగ్లీషు మాత్రం అప్పటి నా సరుకుల్లో లేదు. టౌన్ లైబ్రరీలో సాయంత్రం క్లాసులకి నాలుగేళ్లు వెళ్లి సంపాదించుకున్నాను.

మొదటి ప్రశ్న శశికాంత్ అనే కస్టమర్ అడిగాడు. కరివేపాకు ఏరుకుంటూ, ఎవరూ వినడం లేదని చూసుకుని, "బాబాయ్, డిస్కస్ అబౌట్ అంటే తప్పా?" అన్నాడు. తప్పే, అబౌట్ అక్కర్లేదన్నాను. వాడు పెద్ద కంపెనీలో టీమ్ లీడ్. అక్కడ అడిగితే పరువు పోతుంది. కిరాణా కొట్టువాడి ముందు పోయేదేముంది? ఆ వారంలోనే మరో నలుగురు వచ్చారు. సిన్స్ ఎక్కడ, ఫర్ ఎక్కడ? ఐ హావ్ ఎ డౌట్ అంటే ఇక్కడివాళ్లు ఎందుకు వింతగా చూస్తారు? ప్రశ్నకు వచ్చినవాడు వట్టి చేతులతో వెళ్లడని నాకు తెలుసు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, ఎవరు ఏ తేదీన ఏమడిగారో రాసుకోవడం మొదలుపెట్టాను.

తర్వాత ఇంటర్వ్యూలకు జవాబుల పేపర్ తయారుచేశాను. "మీరు చేసిన ఒక పొరపాటు చెప్పండి" అన్నదానికి శశికాంత్ తన ఇంటర్వ్యూలో చెప్పి నెగ్గిన కథ ఉంది. శుక్రవారం సాయంత్రం ఒక సాఫ్ట్‌వేర్ టెస్ట్ వదిలేయడం, శనివారం కస్టమర్లకు ఒకే బిల్లు రెండుసార్లు వెళ్లడం, తనే పోయి మేనేజర్ ముందు ఒప్పుకోవడం. వాణ్ణి అడిగి తీసుకుని, వ్యాకరణం సరిచేసి, ఇరవై పౌండ్ల బియ్యం మూట కొన్నవాళ్లకు ఉచితంగా వాట్సాప్‌లో పంపాను. మూడేళ్లలో ముప్ఫై ఏడు కుటుంబాలు తీసుకున్నాయి. వాళ్లు ఎందరికి పంపారో తెలియదు. ఒకే మూటలోని కందిపప్పు వంద ఇళ్లలో ఉడకడం లేదా, ఇదీ అంతే అనుకున్నాను.

మీనా ఖమ్మం పిల్ల. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. ప్రతి శనివారం భర్త దామోదర్‌తో వచ్చేది. అతనిది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. వంట, మూడో తరగతి చదివే కొడుకు ఈషాన్ బాధ్యత అతనివే. ఎప్పుడో ఒక మీటింగ్‌లో మీనా ఇంగ్లీషుకి ఎవరో నవ్వారట. అప్పటినుంచి ప్రతి వాక్యాన్నీ లోపల కట్టి, విప్పి, మళ్లీ కట్టి గానీ బయటకు తీసేది కాదు. ఈలోపు మీటింగ్ ముందుకెళ్లిపోయేది. జనవరిలో కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు మొదటి జాబితాలోనే ఆమె పేరు వచ్చింది. "పని బాగుంది, కానీ నువ్వు మాట్లాడవు" అన్నాడట మేనేజర్.

ఉద్యోగం పోతే అరవై రోజులు గడువు. ఆలోపు ఇంకో కంపెనీ ఆమె పేరున వీసా కాగితాలు వేయాలి, లేదంటే ముగ్గురూ దేశం విడవాలి. కాగితాలు సిద్ధం కావడానికే రెండు వారాలు పోతాయి కాబట్టి నిజానికి ఉన్నవి నలభై అయిదు. ఆమె బియ్యం కొనకుండానే జవాబుల పేపర్ పంపాను.

ముప్ఫై ఒకటో రోజు మధ్యాహ్నం ఇద్దరూ కొట్టుకొచ్చారు. మీనా పప్పుల వరస దగ్గరే ఆగిపోయింది. దామోదర్ కౌంటర్ దాకా వచ్చాడు.

"బాబాయ్, మీ దగ్గర వాపసు తీసుకుంటరా?"

"ఏం, పురుగొచ్చిందా?"

"వచ్చింది. మీ శుక్రవారం కథకు."

వీడియో ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు బాగానే నడిచిందట. పొరపాటు గురించి అడగ్గానే మీనా కథ ఎత్తుకుంది. రెండు బిల్లుల దగ్గరకు రాగానే ఇంటర్వ్యూ చేసే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఈ నెలలో ఈ శుక్రవారం కథ నాకు చెప్పినవాళ్లలో మీరు నాలుగోవారు అంది. థాంక్యూ చెప్పి కట్ చేసింది.

"నేను పక్క గదిలనే ఉన్న. లాప్‌టాప్ మూసినంక మీనా గంటసేపు కుర్చీల నుంచి లేవలేదు" అన్నాడు దామోదర్.

"కథ మంచిదే కదా, శశికాంత్ నెగ్గాడు కదా అని..."

"మంచిదే బాబాయ్. మాది కాదు, అంతే."

ఏదో ఒకటి చేయాలని నోట్‌బుక్ తీశాను. మీనా పేరు మీద అరవై మూడు ప్రశ్నలున్నాయి. ఇది కరెక్టా, అది కరెక్టా, ఇందులో 'ది' పెట్టాలా, తీసేయాలా. అన్నిటికీ జవాబు చెప్పాను. నేను మాత్రం ఆమెను ఒక్కటీ అడగలేదు.

"అమ్మాయ్, ఇలా రా. నిజంగా నువ్వు చేసిన పొరపాటు ఒకటి చెప్పు. తెలుగులోనే."

"ఏం లేవు బాబాయ్."

"ఉంది" అన్నాడు దామోదర్. "మందుల సంగతి చెప్పు."

ఆమె అతనివైపు కోపంగా చూసింది. తర్వాత తలవంచుకుని చెప్పింది. రెండేళ్ల కిందట, మందుల షాపులు వాడే సాఫ్ట్‌వేర్. పిల్లల బరువు పౌండ్లలో వేస్తే అది కిలోలనుకుని మందు మోతాదు కడుతోంది. అంటే రెండింతలకు పైగా. బుధవారం మీటింగ్‌లో అది కనిపెట్టింది ఆమె ఒక్కతే. చెప్పబోయింది.

"చెప్పడానికి వాక్యం చూసుకుంటున్న. సిస్టమ్ ఈజ్ షోయింగ్ అనాల్నా, షోస్ అనాల్నా అని. ఇంతల అందరూ బై చెప్పి వెళ్లిపోయిండ్రు. పొద్దున మెయిల్ పెట్టిన. అప్పటికే రాత్రి రిలీజ్ అయిపోయింది. శుక్రవారం ఎవరో ఫార్మసిస్ట్ లెక్క తేడా చూసి ఆపింది. ఏ పిల్లలకూ ఆ మందు పోలేదు." తలెత్తి, "పోయి ఉంటే?" అంది.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. వెతకకుండా ఉంటే బాగుండేది. రెండేళ్ల కిందటి ఏప్రిల్, ఆ వారం శనివారమే. మీనా: ఈజ్ షోయింగా, షోసా? పక్కనే నా చేతిరాతతో నియమం, రెండు ఉదాహరణలు. ఎందుకడుగుతున్నావు అని నోటిమాటగానైనా అనలేదు. ఆ రోజు సంతోషపడి ఆమెకో మామిడిపండు కూడా ఇచ్చినట్టు గుర్తు.

"ఇదే చెప్పు" అన్నాను.

"ఇది చెప్తే ఎవరు తీసుకుంటరు బాబాయ్? దొంగకథకే దొరికిన. నిజం చెప్తే పనికిరాదంటరు."

"అనొచ్చు. గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఇది ఇంకెవరి దగ్గరా లేదు."

మర్నాటినుంచి వారం రోజులు మధ్యాహ్నం కొట్టు పలచబడ్డాక బియ్యం మూటల మధ్య నిలబడి ఆ కథ ఇంగ్లీషులో చెప్పింది. నా పని తప్పు దిద్దకుండా వినడం. కొట్టు పెట్టాక ఇంత కష్టమైన పని చేయలేదు. ఒకసారి నోరు తెరిచాను కూడా. దామోదర్ కౌంటర్ మీద తట్టి, "బాబాయ్, బెల్లం నోట్ల వేసుకోరాదుండ్రి" అన్నాడు.

ఈలోగా ఆ ముప్ఫై ఏడు కుటుంబాలకూ ఫోన్ చేసి, ఆ కథ చెప్పొద్దన్నాను. కొందరు సరేనన్నారు. కొందరు, "కొత్త కథ ఎప్పుడు పంపుతారు?" అన్నారు. మీనాకంటే ముందు ఆవిడకు ఆ కథ చెప్పిన ముగ్గురెవరో ఆరా తీస్తే ఇద్దరి పేర్లు తెలిశాయి. ఒకడు వేరే చోట చేరాడు. రెండో మనిషి కౌశిక్. అతని ఫోన్ పనిచేయలేదు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే ఖాళీ చేసి ఇండియా వెళ్లిపోయారన్నారు. ఆ కుటుంబం నాతో ఒక్క మాటా అనలేదు. వెళ్లే ముందు కూడా నా కొట్టుకే వచ్చి, ప్రయాణానికని పులిహోర పొడి కొనుక్కున్నారు.

నలభయ్యో రోజు, ఎక్కడో దక్షిణాన వేరే రాష్ట్రంలో ఉన్న అల్ఫారెట్టాలోని చిన్న కంపెనీతో ఇంటర్వ్యూ. మీనా మందుల సంగతి చెప్పింది. అవతలాయన ఇప్పుడైతే ఏం చేస్తావని అడిగాడట. ముందు నోరు తెరుస్తాను, వాక్యం తర్వాత సరిచేసుకుంటాను అందట. ఇంకో రెండు రౌండ్లు చేసి, నలభై ఎనిమిదో రోజు ఆరునెలల కాంట్రాక్టు ఇచ్చారు. జీతం పాతదానికంటే తక్కువ. కంపెనీ పరుగులు పెట్టి యాభై తొమ్మిదో రోజు వీసా కాగితాలు వేసింది. ఆమోదం ఇంకా రాలేదు. సామానంతా కారులో వేసుకుని, ఈషాన్‌ని బడి మధ్యలో మాన్పించి వెళ్లిపోయారు.

ఇప్పుడు మిగిలినవి చూసుకుంటే ఇవి. బియ్యం అమ్మకం తగ్గింది. శనివారం ప్రశ్నలు ఇంకా వస్తున్నాయి, కానీ ముందు నేను అడుగుతున్నాను, ఎక్కడ చెప్పాలి, ఎవరికి చెప్పాలి అని. కొందరికి అది నచ్చదు, ఇంకో కొట్టుకు పోతున్నారు. కౌశిక్ వాళ్ల లెక్క ఎలా తీర్చాలో తెలియక ఆ పేజీ అలాగే వదిలేశాను. వచ్చిన లాభం ఒకటుంది. నిన్న మధ్యాహ్నం అల్ఫారెట్టా నుంచి మీనా వాయిస్ మెసేజ్ పెట్టింది, ఆఫీసులో తను మీటింగ్‌ని ఎలా ఆపిందో ఇంగ్లీషులో చెబుతూ. అందులో రెండు తప్పులున్నాయి. నోట్‌బుక్ మూసే ఉంచాను.