నిక్షేపంలాంటి రక్తం

ఎముక విరిగితే తెల్ల రక్తకణాలు డీలా పడి క్రిములను సరిగ్గా మింగవని నిరూపించడం మా ల్యాబ్ పని. అందుకు దెబ్బ తగిలినవాళ్ల రక్తాన్ని నిక్షేపంలాంటి మనిషి రక్తంతో పోల్చాలి. ఆ నిక్షేపంలాంటి మనిషిని నేనే. నా ట్యూబు మీద "ఆరోగ్యవంతుడు" అని గర్వంగా రాసుకునేవాణ్ణి. ఎంతకీ తేడా కనిపించక మైక్రోస్కోపును తిట్టుకునేవాణ్ణి.

మొన్న మా ఆవిడ పదిసార్లు చెప్పాక ఫ్యాను తుడవబోయి, స్టూలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నాతో పనిచేసే డాక్టరమ్మ పరామర్శకు సిరంజితో సహా వచ్చింది.

"ఒకే మనిషి రక్తం, దెబ్బకు ముందూ తర్వాతా! మన అదృష్టం సార్," అంటూ ట్యూబు నింపుకుని పోయింది.

మర్నాడు ఫోన్ చేసింది. "మీ కణాల జోరు ఏమాత్రం తగ్గలేదు సార్."

నేను పొంగిపోయి, మా ఆవిడ వినాలని స్పీకర్ పెట్టాను.

"తగ్గాలంటే అసలు జోరంటూ ఉండాలి కదా సార్. అనుమానమొచ్చి దెబ్బ తగలని వేరేవాళ్ల రక్తం చూశాను. వాళ్లవి క్రిమి కనిపిస్తే చాలు, మింగేస్తున్నాయి. మీవి పక్కనే ఉన్నా కదలవు. మొదట్నుంచీ అంతే."

మా ఆవిడ ఫోన్ దగ్గరికి వంగింది.

"వాటిక్కూడా పదిసార్లు చెప్పాలేమో, చూడమ్మా!"