అక్క ఒప్పుకున్న రోజు

ఉదయం ఆరున్నరకు అక్క ఒప్పుకుంది.

ఆమెకు చెంచాతో పాలు పడుతూ తమ్ముడు ఆ వారం పజిలు చదివాడు. కుర్చీ, మంచం, బల్ల, దీపం. వీటిలో చేరనిది ఏది?

"దీపం," అంది అక్క. "ఇంకేముంది అందులో?"

అతని చేతిలో చెంచా ఆగిపోయింది.

పిల్లల వారపత్రికలో పేజీలు అమర్చడం అతని ఉద్యోగం. చివరి పేజీలో మిగిలిన జాగాలో ఈ పజిలు వేస్తూ వేస్తూనే జుట్టు నెరిసింది. అచ్చుకిచ్చే ముందు అక్కకు వినిపించాలి. ఆమె రెండో జవాబు చూపిస్తే ఆ పజిలు చెత్తబుట్టకే. యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో పనిచేసి తల్లి లేని తమ్ముణ్ణి చదివించిన మనిషి. దేన్నీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఒకసారి అతను పడవ, చేప, కప్ప, బాతు అని తీసుకొచ్చి, ప్రాణం లేనిది పడవ కదా అన్నాడు.

"చేపరా. మిగతావన్నీ ఒడ్డెక్కుతాయి," అంది అక్క.

ఆఫీసులో ఆమెకు హైకోర్టు అని పేరు. నాలుగైదు కొట్టేశాక గానీ ఒకటి గట్టెక్కేది కాదు. అందుకే జవాబు తప్పంటూ పిల్లల దగ్గర్నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు. మంచం పట్టాక కూడా ఆమె కొట్టెయ్యడం మానలేదు.

"మంచం కాకూడదా అక్కా?" అన్నాడు. "మిగతావి ఒక్కడే మొయ్యగలడు."

"నా తరఫున నీ వకాల్తా ఏమిటి? ఒప్పుకున్నానుగా. పో, వేళవుతోంది."

ఆమె కళ్లు మూసుకుంది. పక్కింటి పిన్నిని దగ్గర కూర్చోబెట్టి అతను బయల్దేరాడు.

"ఏం మాస్టారూ, హైకోర్టు ఈసారి ఎన్ని కొట్టేసింది?" అన్నాడు ఎడిటర్.

"మొదటిదే ఒప్పుకుందండీ."

"అయితే మిఠాయి తినిపించాల్సిందే!"

అందరూ నవ్వారు. అతను పజిలు పేజీలో పెట్టాడు. తెరచిన క్యారేజీ మళ్లీ మూసేసి, సెలవడిగి ఇంటికొచ్చేశాడు.

అక్క మెలకువగానే ఉంది.

"అచ్చేశారా?"

"సాయంత్రం వేస్తారు."

"ఆపు. కుర్చీ."

"ఏమిటీ?"

"మిగతావి ఇంటికి ఒక్కోటి చాలు. కుర్చీ ఒక్కటే ఉంటే ఎవరితో మాట్లాడతావు?" ఆగి ఊపిరి తీసుకుంది. "పొద్దున్నే తోచింది. చెప్పే ఓపిక లేక ఊరుకున్నా."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"నీ పుణ్యాన ఇన్నేళ్లూ నా పేజీకి మాట రాలేదక్కా."

"నా పుణ్యాన నీ పజిళ్లు ముప్పావు వంతు బుట్టపాలయ్యాయి. వెళ్లి ఫోను చెయ్యి."

వసారాలోకి వచ్చి ఎడిటర్‌కు ఫోను చేశాడు.

"ఇప్పుడా మాస్టారూ చెప్పడం! దాని బదులు ఏం వెయ్యను?"

"తియ్యొద్దండీ. జవాబు కింద ఒక వరుస కలపండి. కుర్చీ అన్నా సరైనదేనని. కారణం చెబుతాను, రాసుకోండి."

"రెండు జవాబులా? మన పేజీలో ఎప్పుడూ లేదే!"

"ఈసారికి ఉండనివ్వండి. ఆమెకు చూపించాలి."

అతను చెప్పింది ఎడిటర్ రాసుకుని, తిరిగి చదివి వినిపించాడు.

ఆ మాట చెప్పడానికి అతను లోపలికి వెళ్లాడు. పిన్ని మంచం పక్కన లేచి నిలబడి ఉంది.

"ఇప్పుడే పోయిందిరా అబ్బాయ్," అంది.

అక్క చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది.

"రెండూ వేస్తున్నారక్కా," అన్నాడు.

సాయంత్రం పేజీ రెండు జవాబులతో అచ్చుకు వెళ్లింది. పెరట్లో తీగ మీద, మధ్యాహ్నం పిన్ని ఉతికి ఆరేసిన అక్క చీర అంచు ఇంకా ఆరలేదు.