కడ్డీ కొనన ఉప్పుచుక్క

ఆ ప్రయోగశాలలో గాజుసామాను కడగడం, ద్రావణాలు కలపడం, ఆమ్లం కొలిచే గాజుకడ్డీని అమర్చడం ఇరవై ఏడేళ్ళుగా బాబాయి పనే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ బాబాయే, ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దయిన ప్రొఫెసరుగారికి కూడా. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. అలాంటి చెయ్యి ఆర్నెల్లుగా వణకడం మొదలుపెట్టింది. ఖర్మ కాకపోతే, చేతిమీద బతికేవాడికి చెయ్యే ఎదురుతిరగాలా? ఎవరి కంటా పడకుండా దాన్ని కోటు జేబులో దాచుకు తిరుగుతున్నాడు.

ఈ వారం గదిలో ఎవరి మొహంలోనూ కళ లేదు. పొట్టలో ఆమ్లం ఊరాలంటే అక్కడ పొటాషియం బయటికి పోయే దారి, అంటే పొటాషియం చానెల్, తెరుచుకుని ఉండాలని, మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి అంటుంది. దాన్ని మూసే మందు వేస్తే ఆమ్లం ఆగాలి. నిరుడు ఆగింది కూడా. ఇప్పుడు ఆగడం లేదు. ఎలుక పొట్టపొరను చెంచాడు నీళ్ళు పట్టే గిన్నెకు అమర్చి ఎన్నిసార్లు చూసినా తెరమీద ఆమ్లం చూపించే గీత ఎక్కుతూనే ఉంది. శుక్రవారంలోగా తేలకపోతే ఈ అంశం వదిలెయ్యమని ప్రొఫెసరుగారు తేల్చిచెప్పేశారు. ఇవాళ గురువారం.

"అసలు గొడవేంటమ్మా?" అని అడిగాడు బాబాయి, ఆమె ముందు టీ చల్లారిపోతుంటే చూడలేక.

"గ్యాస్ సిలిండర్ లాంటిదే బాబాయ్. ఖాళీది ఇస్తేగానీ నిండుది ఇవ్వరు కదా. పొట్టలో పంపూ అంతే. బయటినుంచి ఒక పొటాషియం కణం అందుకుంటేనే ఒక ఆమ్లపు కణాన్ని బయటికి తోస్తుంది. లోపలికొచ్చిన పొటాషియం ఆ చానెల్లోంచి మళ్ళీ బయటికి పోతుంది. ఆ దారి నేను మూసేశాను. మరి పంపుకి ఖాళీ సిలిండర్లు ఎవరిస్తున్నట్టు?"

బాబాయికి గాజుకడ్డీ గుర్తొచ్చింది. ఆ గాజుకడ్డీని నిలవ ఉంచేది చిక్కటి పొటాషియం ఉప్పునీళ్ళలో. వాడేముందు మూడుసార్లు కడిగి, కొనను మెత్తటి కాగితంతో అద్దాలి. చెయ్యి వణికి ఒక కడ్డీ చిట్లినప్పటినుంచి, ఇంకోటి ఎక్కడ విరుగుతుందోనన్న భయంతో ఆయన తీసింది తీసినట్టే గిన్నెలో పెట్టేస్తున్నాడు. చెంచాడు నీళ్ళలో ఆ చుక్క తక్కువా? ఆ ఖాళీ సిలిండర్లు అందిస్తున్నది తనే.

చెప్తే చెయ్యి సంగతి బయటపడుతుంది. ఇక గాజు ముట్టుకోనివ్వరు. ఆ పని తప్ప ఆయనకు మరోటి చేతకాదు. చెప్పకపోతే ఈ పిల్ల మూడేళ్ళ కష్టం బూడిదపాలు. పాపం, ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాక ఇక ఉండబట్టలేదు.

"ఆ కడ్డీ నేను కడగడం లేదమ్మా. ఆర్నెల్లయింది."

ఆమె లేచి కొత్త పొర అమర్చి, కడ్డీని తనే కడిగి అద్ది పెట్టింది. మందు వేసింది. పావుగంటకు గీత మందగించింది. అరగంటకు చదునైపోయింది. అప్పుడామె ఆ ఉప్పునీళ్ళ చుక్క ఒకటి కావాలనే వేసింది. గీత మళ్ళీ ఎక్కింది.

ప్రొఫెసరుగారు వచ్చి తెరమీద గీతను రెండుసార్లు చూశారు. "నువ్వన్నదానికి ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి? ఈ చుక్క సంగతి ఎవరికి తట్టింది?"

"బాబాయికి," అంది అమ్మాయి.

"తట్టలేదండీ. పొరపాటు చేశాను," అని బాబాయి జేబులోంచి చెయ్యి తీసి చూపించాడు.

ప్రొఫెసరుగారు ఆ చేతిని పట్టుకుని చూశారు. "నాకు చెప్పొద్దూ?" అన్నారు. "ముందు డాక్టరుకి చూపించు. కడ్డీ ఇకనుంచి అమ్మాయి పెడుతుంది. మూడుసార్లు కడుగుతోందో లేదో నువ్వు పక్కన నిలబడి చూడు. ఈ కుర్రకారుకి తొందరెక్కువ."

మర్నాడు పొద్దున్న అమ్మాయి కడ్డీ కడిగింది. రెండోసారి అవగానే కాగితం కోసం చెయ్యి చాపింది.

"ఇంకోసారుందమ్మా," అన్నాడు బాబాయి. ఆయన చెయ్యి బల్లమీదే ఉంది, వణుకుతూ.