ఆరు గంటల మీటింగు

మంచిర్యాలలో ట్రాక్టర్ల షోరూం పేరుకే శ్యాంసుందర్‌రావుగారిది, నడిపేది రచన. వచ్చిన రైతు ఉత్త చేతులతో వెనక్కి పోడు, ఆ అమ్మాయి మాట అటువంటిది. అలాంటి రచనను స్టేషన్ రోడ్డులోని కొత్త షోరూం వాళ్లు పిలుస్తున్నారని తెలిసిన నాటి నుంచి రావుగారికి అన్నం సయించడం లేదు.

ఈ కాలం పిల్లలకు జీతం ఒక్కటే చాలదని, ఆఫీసులో కులాసా కావాలని ఎవరో వీడియో పంపారు. అంతే! కాఫీ మిషన్ వచ్చింది, గోడకు ప్లాస్టిక్ గడ్డి అతికింది, నడుమ క్యారంబోర్డు వెలిసింది. కూర్చుంటే మనిషి మునిగిపోయే మెత్తటి సంచీ కుర్చీ కూడా తెప్పించారు. అందులో మొదట కూర్చున్నదీ రావుగారే. ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

ఇక క్యారంబోర్డు సంగతి చెప్పాలా? రోజూ ఎనిమిదిన్నర దాకా రావుగారే ఆడతారు. అవతల ఎవరో ఒకరు కూర్చొని ఓడాలి. సారు కారు కదలనిదే ఎవరూ బ్యాగు భుజాన వేసుకోరు, అక్కడి రివాజు అది. ఆయన మాత్రం తొందరగా ఇంటికి పోయి ఏం చేస్తారు, పాపం? అక్కడ తొమ్మిది దాకా భార్య లీలాబాయి సీరియళ్లు నడుస్తుంటాయి.

ఒకరోజు ఉండబట్టలేక రచననే అడిగారు. "ఏందమ్మా, ఇంకేం కావాల్నో చెప్పు."

"ఏమొద్దు సార్. ఆరు గొట్టంగనే ఇంటికి పోవాలె. బిడ్డ పండకముందు నా చేతులతోని ఇంత అన్నం వెట్టాలె. రేపు సాయంత్రానికి ఆ కొత్త షోరూమోళ్లకు మాట చెప్పాలె సార్, మీరే ఆలోచించుండ్రి."

"గింతేనా! జర ముందుగాల చెప్తే గీ కాఫీ మిషన్ ఎందుకు దెస్తుంటి!"

రావుగారికి నెత్తి మీది బరువు దిగినట్టయింది. ఇంత శుభవార్త ఊరికే చెబుతారా? మరునాడు మిర్చీలు, లడ్డూలు తెప్పించి మీటింగు పెట్టారు. ఎప్పుడనుకున్నారు? సరిగ్గా సాయంత్రం ఆరుకు.

సంచీ కుర్చీలో కూలబడి, "ఇయ్యాల్టిసంది ఆరు గొట్టంగనే ఎవలింటికి వాళ్లు పోవాలె!" అని మొదలుపెట్టి, తాను స్కూటరు మీద ఊరూరా తిరిగి మోటార్లమ్మిన రోజుల్లోకి పోయారు. తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటింది. చప్పట్లు మోగాయి. మోగవా మరి, అయిపోయిందన్న ఆనందం!

"ఏం రచనా, ఇప్పుడు ఖుషేనా?" అంటూ రావుగారు లడ్డూ చాపారు. రచన కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆరింటికే పోయింది సార్," అని మెకానిక్ లక్ష్మణ్ నసిగాడు. "ఇగ రానన్నది. షోరూం తాళాలు క్యారంబోర్డు మీద వెట్టింది."

ఇన్నేళ్లలో ఆయన కారు కంటే ముందు ఆ గేటు దాటిన మనిషి లేదు. రావుగారికి ఏడుపొచ్చినంత పనైంది. మిగతావాళ్లంతా బ్యాగులు ఒళ్లో పెట్టుకొని, సారు ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నారు. లేవాలంటే ఇద్దరు వచ్చి పట్టాలి. పిలవడానికి ఆయనకు నోరు రాలేదు.